బారాఖానాలో డప్పు: జవాన్ల ముందు పాలమూరు, నల్లగొండ బృందాలు

సైన్యంలో ‘బారాఖానా’ అంటే హోదాల తేడా లేకుండా ఒక పటాలమంతా కలిసి కూర్చుని తినే విందు. పటాలం పుట్టినరోజైన రైజింగ్ డే నాడు, పెద్ద పండుగలకు, ఒక చోట కాలం ముగించుకుని మరో చోటికి తరలే ముందు ఈ విందు పెడతారు. విందుకు ముందో వెనుకో పాట, ఆట ఉండడం ఆనవాయితీ. చాలావరకు పటాలంలోని వారే పాడుకుంటారు, అప్పుడప్పుడు బయటి నుంచి బృందాన్ని పిలిపిస్తారు. నాలుగు డప్పులు, రెండు ఒగ్గు డోళ్లు, ఒక కీబోర్డు, ఇద్దరు ముగ్గురు గాయకులతో నల్లగొండ నుంచో పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచో బయలుదేరే బృందం, తన ఊరి జాతరలో చేసే పనిని అక్కడ కూడా అలాగే చేయగలదా అన్నది ఇక్కడ పరిశీలించదగిన విషయం.

పిలిచేవారు సాధారణంగా హుషారు పెంచే పాటను కోరతారు, వినేవారు చాలాసార్లు ఇంటిని గుర్తు చేసే పాట దగ్గర ఆగిపోతారు. ఈ ఎడం కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, 1939లో, బ్రిటన్ తన సైనికుల వినోదానికి ‘ఎన్సా’ అనే సంస్థను ఏర్పాటు చేసింది. నటులు, గాయకులు, గారడీవాళ్లు దాని తరఫున కర్మాగారాల నుంచి యుద్ధరంగాల దాకా తిరిగారు. ప్రదర్శనల్లో మంచివి ఎన్నో నాసివీ అన్నే ఉండడంతో, ఆ సంస్థ పేరులోని నాలుగు ఇంగ్లిషు అక్షరాలకు ‘ప్రతి రాత్రీ ఏదో ఒక ఘోరం’ అనే అర్థం వచ్చేలా సైనికులు వెటకారపు విస్తరణ కట్టుకున్నారు. అదే కాలంలో వెరా లిన్ అనే గాయని ఎడబాటు పాటలతో, మళ్లీ కలుసుకుంటామనే ఆశ పాటలతో పేరు తెచ్చుకుంది. ఇంత మెత్తని పాటలు వింటే సైనికుడి పట్టు సడలుతుందని పైస్థాయిలో గొణిగినవారు లేకపోలేదు. సైనికులు మాత్రం ఆమెనే కోరుకున్నారు. 1944లో ఆమె బర్మా రంగానికి వచ్చి, ‘మరచిపోయిన సైన్యం’ అని తమను తాము పిలుచుకున్న బ్రిటిష్ పద్నాలుగో సైన్యం ముందు పాడింది. ఆ సైన్యంలో అధిక సంఖ్యాకులు భారతీయులే గనుక, ఇంగ్లిషు పాటలోని ఇల్లు వారిలో ఎందరికి తమ ఇల్లుగా తోచి ఉంటుందన్న అనుమానం సహజం. భారతీయ సైనికుల కోసం ‘ఫౌజీ దిల్‌ఖుష్ సభ’ పేరుతో విడిగా ఒక ఏర్పాటు ఆ కాలంలోనే నడిచింది.

అమెరికాలో ఇదే పనికి 1941 ఫిబ్రవరిలో యూఎస్‌ఓ అనే సంస్థ పుట్టింది. హాస్యనటుడు బాబ్ హోప్ అదే ఏడాది మే నెలలో కాలిఫోర్నియాలోని ఒక సైనిక వైమానిక స్థావరంలో తొలి ప్రదర్శన ఇచ్చి, 1990–91 నాటి గల్ఫ్ సంక్షోభం దాకా దాదాపు అర్ధ శతాబ్దం సైనికుల మధ్య తిరిగాడు. ఆయన ఏ స్థావరానికి వెళ్లినా అక్కడి తిండి మీద, అక్కడి అధికారుల మీద, అక్కడి బురద మీద ముందే కబుర్లు సేకరించుకుని ఛలోక్తులు విసిరేవాడు. మన బుర్రకథలో హాస్యపు వంతకు ఈ కిటుకు ఎవరూ నేర్పనక్కర లేదు. ఊరి పటేలు పేరు, ఎండిన చెరువు పేరు కథలోకి లాక్కురావడం అతడికి పుట్టుకతో వచ్చిన విద్య. బాండు నాయకుడు గ్లెన్ మిల్లర్ కథ ఇంకో తరహాది. 1942లో సైన్యంలో చేరి అక్కడే బాండు నడిపిన ఆయన, 1944 డిసెంబరు 15న ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు వెళ్తూ ఎక్కిన విమానంతో సహా ఆచూకీ లేకుండా పోయాడు.

స్వతంత్ర భారతంలో ఈ పనికి ఊపు తెచ్చింది 1962 నాటి చైనా యుద్ధం. 1963 జనవరి 27న ఢిల్లీ నేషనల్ స్టేడియంలో లతా మంగేష్కర్ పాడిన ‘ఏ మేరే వతన్ కే లోగో’ పాట దేశమంతటికీ తెలుసు. అది కవాతు పాట కాదు, ఇంటికి తిరిగి రాని వారిని తలచుకునే పాట. అరవై ఏళ్లు దాటినా నిలిచింది అదే కావడం యాదృచ్ఛికం అనిపించదు. సునీల్ దత్, నర్గీస్ దంపతుల అజంతా ఆర్ట్స్ బృందం సరిహద్దు శిబిరాలకు వెళ్లి ప్రదర్శనలిచ్చింది, 1971 యుద్ధం తరువాత ఢాకాకు కూడా వెళ్లింది. కేంద్ర సమాచార ప్రసార శాఖ కింద 1954లో మొదలైన గీత నాటక విభాగంలో, ముందు వరుస శిబిరాల జవాన్ల కోసమే 1967లో ప్రత్యేక వినోద బృందాలు ఏర్పడ్డాయి. ఆ విభాగం 2017 డిసెంబరులో మరికొన్ని విభాగాలతో కలిసిపోయి ఇప్పుడు కేంద్ర కమ్యూనికేషన్ బ్యూరోలో భాగంగా ఉంది. బృందం వెళ్లలేని చోటికి రేడియో వెళ్లింది. 1957లో ప్రారంభమైన వివిధ భారతిలో ఫౌజీ సోదరుల కోసం వచ్చే ‘జయమాల’ను విని, తమ పేరు, ఊరి పేరు చదివితే పొంగిపోయిన జవాన్లు ఎందరో. ఆ కార్యక్రమంలో పాటకంటే ముందు చదివే ఊరి పేర్లకే అసలు బలముందన్నది రేడియో విన్న తరానికి చెప్పనక్కర లేని సంగతి.

దక్షిణ తెలంగాణకు సైన్యంతో ఉన్న సంబంధం మాత్రం అంత సాఫీగా నడిచినది కాదు. ఒక వైపు లష్కర్ బోనాలున్నాయి. ‘లష్కర్’ అంటేనే సైన్యం. 1806లో దండు ప్రాంతంగా వెలసిన సికింద్రాబాదుకు జనం నోట నిలిచిన పేరది. 1813లో మహమ్మారి జంటనగరాలను కమ్ముకున్నప్పుడు ఉజ్జయినికి వెళ్లిన పటాలంలోని డోలీ మోసే ఉద్యోగి సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. తెలంగాణ జానపద సంబురాల్లో అతి పెద్దదొకటి సైనిక ప్రయాణం నుంచే పుట్టిందన్న మాట. ఇంకో వైపు నల్లగొండ ఉంది. 1948 సెప్టెంబరు 13న మొదలై అయిదు రోజుల్లో ముగిసిన భారత సైన్యపు ‘పోలీసు చర్య’ నిజాం పాలనకు తెర దించింది. అయితే అదే సైన్యం ఆ తరువాత కమ్యూనిస్టు దళాల వేటకు పల్లెల్లో దిగింది, 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ దాకా ఆ వేట సాగింది. నిజాం మీద, దొరల మీద, రజాకార్ల మీద కట్టిన పాటలకు కొనసాగింపుగా ‘మిల్ట్రీ’ మీద కూడా పాటలు పుట్టాయి. సుద్దాల హనుమంతు వంటి వారు బుర్రకథను, గొల్లసుద్దులను పోరాటానికి మలిచిన నేల ఇది. నల్లగొండ పాటకు సాయుధులైన శ్రోతలు కొత్త కాదు. అడవిలో దళం ముందు పాడిన సంప్రదాయం దానికి ఉంది. మారింది శ్రోత ధరించిన దుస్తుల రంగు.

ఈ గతాన్ని దాచిపెట్టి సైనిక వేదిక ఎక్కాలా అంటే అవసరం లేదనే అనిపిస్తుంది. మూడు తరాలు గడిచాయి. ఆ పల్లెల నుంచే యువకులు పెద్ద సంఖ్యలో సైన్యంలో చేరుతున్నారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ప్రాణాలొదిలిన 16 బిహార్ పటాలం అధిపతి కల్నల్ సంతోష్‌బాబు ఉమ్మడి నల్లగొండలోని సూర్యాపేటవాసి. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర లభించింది, ఊళ్లో ఆయన విగ్రహం నిలిచింది. దండును చూసి దాక్కున్న జ్ఞాపకాలున్న జిల్లా, దండులో ఉన్న బిడ్డకు విగ్రహం పెట్టిన జిల్లా ఒకటే. ఈ రెండూ తెలిసిన గాయకుడు వేదిక మీద కేవలం నినాదాల పాటతో సరిపెట్టుకుంటే, తన చేతిలో ఉన్న సరుకులో సగం కూడా వాడుకోనట్టే.

ఆ సరుకులో విలువైనది పాలమూరు దగ్గర ఉంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా ‘పాలమూరు లేబర్’ కనిపించేదన్నది నిన్నటి తరం అనుభవం. గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా పైసలు తీసుకుని, ముసలివాళ్లను ఇంట్లో వదిలి, నెలల తరబడి దూరదేశం పోయే ఆ బతుకులోంచి ఎడబాటు పాటలు పుట్టాయి. బస్సెక్కిన కొడుకు, గుడిసె ముందు కూర్చున్న తల్లి, పండుగకైనా వస్తాడా అన్న ఎదురుచూపు, ఇంటి పైకప్పు మీద మొలిచిన గడ్డి వాటిలో కనిపిస్తాయి. ఇందులో సైనికుడి మాట ఒక్కటీ ఉండదు. అయినా సెలవు దొరకని జవానుకు వీరగాథ కంటే ఈ పాట దగ్గరగా వస్తుంది. వలస కూలీ, సిపాయి ఇద్దరూ జీతం కోసం ఊరు విడిచినవారు. ఇద్దరికీ ఇంటి నుంచి వచ్చే కబురే ఆధారం. దేశభక్తి పాటను జవాను పొద్దుటి కవాతు నుంచీ వింటూనే ఉంటాడు, దానికి ప్రత్యేకంగా పాలమూరు నుంచి బృందం రానక్కర లేదు. వలస పాట మాత్రం వేరే ఎవరూ తెచ్చిపెట్టలేరు.

ఇక్కడొక చిక్కు ఉంది. పాలమూరు పాట బలమంతా మాటలో ఉంది, శ్రోతల్లో ఎక్కువమందికి ఆ మాట అర్థం కాదు. మద్రాస్ రెజిమెంట్ వంటి దక్షిణాది దళంలో, బెంగళూరులోని ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్లలో తెలుగువాళ్లు గణనీయంగానే ఉంటారు. ఫిరంగి దళం, సరఫరా, సాంకేతిక విభాగాల్లో అన్ని రాష్ట్రాల వారూ కలిసి ఉంటారు. మూడు వందల మంది కూర్చున్న చోట తెలుగు తెలిసినవారు పదిహేను ఇరవై మందే ఉండవచ్చు. అందువల్ల ఇలాంటి ప్రదర్శన నిజానికి రెండు ప్రదర్శనలుగా నడవాలి. దరువు మూడు వందల మందికీ, మాట ఆ ఇరవై మందికీ. దరువు ముందుగా సభను కట్టిపడేస్తే, మధ్యలో వచ్చే ఒక్క నిదానపు పాటను మిగతావారు సహిస్తారు, కొందరు రాగం పట్టుకుని ఊగుతారు కూడా. మాటతో మొదలుపెడితే అయిదు నిమిషాల్లో వెనుక వరుసల్లో గుసగుసలు మొదలవుతాయి.

ఒగ్గు కథకు ఇది ఇంకా పెద్ద సమస్య. మల్లన్న కథనో బీరప్ప కథనో కురుమ కళాకారులు రాత్రంతా చెబుతారు. కథకుడు ఒకేసారి దేవుడూ మనిషీ అవుతాడు, వెనుక వంతపాటగాళ్లు ప్రతి మాటకూ తాళం వేస్తారు, విన్నవాళ్లు మధ్యలో కానుకలు వేస్తారు, తెల్లవారేసరికి కథ ఒక పూజగా ముగుస్తుంది. సైనిక వేదికకు గంటన్నర మాత్రమే దొరుకుతుంది. పదిమంది బృందంలో నలుగురు కథకు పనికివచ్చేవారైతే, వేదిక మీద వారికి దొరికేది పది నిమిషాలు. ఫలితంగా కథ ఊళ్లో మిగిలిపోయి డోలు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. గజ్జెల లాగులు, పసుపు బొట్లు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే విన్యాసాలతో ఒగ్గు డోలు చూడముచ్చటగా ఉంటుంది, జవాన్లకు తప్పకుండా నచ్చుతుంది. రాష్ట్ర ఉత్సవాల్లోనూ గణతంత్ర దినాల ఊరేగింపుల్లోనూ జరుగుతున్నది ఇదే. అయితే కథ లేని డోలును పదేళ్లు వాయించిన కుర్రవాడికి కథ రాదు. ఈ నష్టానికి సైనిక ప్రదర్శనలను ఒక్కదాన్నే తప్పుపట్టలేం గానీ, ఆ నష్టాన్ని పెంచే వేదికల్లో ఇదీ ఒకటి.

సైనిక వేదిక మీద బుర్రకథ ఇమిడినంత సులువుగా మరే కథారూపమూ ఇమడదు. మధ్యలో కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, మరో పక్క హాస్యపు వంత ఉండే ఈ ముగ్గురి కూర్పులో భాషను మార్చుకునే వీలు ముందే ఉంది. కథకుడు తెలుగులో పాడిన రెండు చరణాలకు హాస్యపు వంత అడ్డం తగిలి, ‘క్యా బోల్ రహే భాయ్’ అని ఆపించి, విషయాన్ని హిందీలో చెప్పించవచ్చు. దక్షిణ తెలంగాణ కళాకారుడికి ఇక్కడ ఒక అనుకోని లాభం ఉంది. అంగట్లోనూ బస్టాండులోనూ నేర్చుకున్న దక్కనీ ఉర్దూ అతడి నాలుక మీదే ఉంటుంది. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’ వంటి మాటలు హర్యానా జవానుకూ గఢ్వాల్ జవానుకూ వింతగా వినిపించి నవ్వు పుట్టిస్తాయి. కష్టపడి పుస్తకాల హిందీ కూడగట్టుకుని మాట్లాడే వ్యాఖ్యాతకంటే, తన దక్కనీతో ధైర్యంగా నిలబడే వంతే సభను దగ్గరకు తీసుకుంటాడు. బృందాలు దీన్ని ఒక లోపంగా భావించి సిగ్గుపడడం విచిత్రమే.

కూర్చునే తీరు కూడా పాటను మారుస్తుంది. ముందు సోఫాల్లో అధికారులు, వారి కుటుంబాలు, ఆ వెనుక కుర్చీల్లో సుబేదార్లు, నాయబ్ సుబేదార్లు, ఆ తరువాత నేల మీద పరిచిన దరీల మీద జవాన్లు ఉంటారు. పెద్ద అధికారి వచ్చేదాకా తెర లేవదు, ఆయన లేచేదాకా ఎవరూ లేవరు. చలిలో అరగంట ఎదురుచూసిన డప్పు మళ్లీ చల్లబడిపోతుంది. చప్పట్లు ముందు నుంచి వెనక్కి పాకుతాయి గానీ, ఈలలు మాత్రం వెనుక నుంచే వస్తాయి. ఈలలు ఎప్పుడు మొదలయ్యాయో కనిపెట్టడంలోనే బృందం పెద్దమనిషి నేర్పు తెలుస్తుంది. మొదటి ఇరవై నిమిషాలు సోఫాలకు పాడి, ఆ తరువాత మెల్లగా దరీల వైపు తిరగడం ఒక పద్ధతి. దరీల మీది నుంచి ఒకరిద్దరిని వేదిక మీదకు పిలిచి చేతికి డప్పు ఇస్తే, అధికారి అనుమతి కోసం క్షణం తటపటాయించినా, సభ అంతా ఒక్కసారిగా సడలుతుంది. తమ సుబేదారు సాబ్ చేత నాలుగు అడుగులు వేయించగలిగిన బృందాన్ని ఏ పటాలమూ మరచిపోదు.

ఈ పని మొదలు పెట్టడానికి సరిహద్దు దాకా పోనక్కర లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ హైదరాబాదుకు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాదులో సైనిక యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ, ఆయుధాలు సామగ్రి సరఫరా చేసే ఆర్డినెన్సు దళాల శిక్షణ కేంద్రాలు, దుండిగల్లులో వాయుసేన అకాడమీ ఉన్నాయి. శిక్షణ కేంద్రాల్లోని శ్రోతలు కొత్తగా చేరిన కుర్రవాళ్లు. ఇల్లు విడిచి వారాలే అయిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసు వాళ్లు. వారి ముందు వలస పాట పాడేటప్పుడు కాస్త ఆలోచించాలి. మూడేళ్లుగా మంచులో ఉన్న జవానుకు ఊరట ఇచ్చే పాటే, మొన్ననే తల్లిని విడిచి వచ్చిన రంగరూటుకు ఏడుపు తెప్పిస్తుంది. అక్కడ దరువు, హాస్యం ఎక్కువగా ఉండడమే న్యాయం. వెరా లిన్ మీద గొణిగిన పెద్దల మాటలో ఈ మేరకు నిజం ఉందని ఒప్పుకోవాలి.

దూర ప్రయాణం వేరే కథ. హైదరాబాదు నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి జమ్మూ వైపో అస్సాం వైపో మరో రైలు, ఆ తరువాత సైనిక వాహనం. స్లీపర్ తరగతిలో ఒక ప్రయాణికుడు ఉచితంగా తీసుకుపోగలిగింది 40 కిలోలు, సాధారణ రెండో తరగతిలో 35. పెట్టె కొలతకు కూడా పరిమితి ఉంది: పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 25. ఒగ్గు డోలు ఏ వైపు నుంచి కొలిచినా ఆ 25 సెంటీమీటర్లలో ఇమడదు. కాబట్టి బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయాలి, వేసిన సామాను అదే రైల్లో దిగుతుందో లేదో మధ్య స్టేషన్లలో దిగి చూసుకోవాలి. రైల్వే రాయితీల్లో అత్యధికం 2020 మార్చిలో నిలిచిపోయాక ఖర్చు ఇంకా బరువెక్కింది. పన్నెండు మెట్ల కిన్నెర వంటి వాద్యానికైతే బ్రేకు వ్యాను మరణశిక్షే. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఈ వాద్యం పేరు దేశానికి తెలిసింది గానీ, ఎండిన సొరబుర్రలతో, వెదురుతో, మైనంతో కట్టిన ఆ వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని తీసుకుపోవడం తప్ప ఇంకో దారి లేదు.

తోలు వాద్యాల సంగతి మరీ సున్నితం. డప్పు వాయించే ముందు మంటకు కాచి తోలును బిగించుకోవడం మన దగ్గర పాటలో భాగమంత మామూలు. ఈశాన్య రాష్ట్రాల తేమలో కాచిన డప్పు పావుగంటలో మళ్లీ మెత్తబడి, సిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బకు మొద్దు శబ్దం ఇస్తుంది. లద్దాఖ్ పొడి చలిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. తోలు తనంతట తానే బిగుసుకుపోయి శబ్దం కీచుమంటుంది, అలవాటు కొద్దీ మంటకు పెడితే అంచు దగ్గర చిట్లుతుంది. పైగా ఇంధనం, మందుగుండు ఉండే శిబిరాల్లో ఎక్కడ పడితే అక్కడ గడ్డి మంట వేసే వీలుండదు. గది వేడి చేసుకునే బుఖారీ దగ్గర, అనుమతి తీసుకుని, దూరంగా పట్టుకుని కాచుకోవాలి. వేణువు చలికి శ్రుతి తగ్గుతుంది. హార్మోనియం, కీబోర్డు తమ శ్రుతిలో తాము ఉంటాయి. ఈ తేడాను గాయకుడి గొంతు భరించాలి. కీబోర్డు బ్యాటరీ సంగతి సరేసరి, చలికి సగం సమయానికే దిగిపోతుంది. చవకరకం ప్లాస్టిక్ డప్పు వెంట తీసుకుపోయే బృందాలను పెద్దలు ఈసడించుకుంటారు గానీ, ఇలాంటి ప్రయాణాల్లో ఒక్కటైనా ఉండడం తెలివైన పని.

మనిషి శరీరం తోలుకంటే సున్నితం. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటే, లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. సైన్యం తన జవాన్లనే నేరుగా పైకి పంపదు. 12,000 అడుగుల లోపు ఎత్తులో ఆరు రోజులు, 15,000 అడుగుల దాకా మరో నాలుగు రోజులు, అంతకు పైన ఇంకో నాలుగు రోజులు అలవాటు పడనిస్తుంది. మొదటి రెండు రోజులు విశ్రాంతి తప్ప ఇంకేమీ చేయనివ్వదు. మూడు రోజుల పర్యటన అని ఒప్పుకుని విమానం దిగిన సాయంత్రమే గజ్జెకట్టి ఎగరబోయే బృందానికి ఈ లెక్క చెప్పేవారుండాలి. వాయిస్తూ ఎగిరే డప్పు కళాకారుడు ఒక్కడే ఇద్దరి ఊపిరి ఖర్చు చేస్తాడు. మనిషి మీద మనిషి నిలబడే ఒగ్గు విన్యాసాలు అక్కడ అసలే తగవు. పిలుపు అందినప్పుడే ఎత్తు ఎంత, ఎన్ని రోజులు ముందు రావాలి అని అడగడం మర్యాదకు భంగం కాదు. అలాగే అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ రాష్ట్రాలకు బయటివారు వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం కావాలి. ఆధార్‌లో ఒక పేరు, ఊళ్లో పిలిచే పేరు ఇంకొకటి, ఓటరు కార్డులో మూడోది ఉన్న కళాకారుడు ఒక్కడు చాలు, బృందమంతా చెక్‌పోస్టు దగ్గర పొద్దంతా కూర్చోవడానికి.

కాలం కుదరడం ఇంకో ముడి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర ఒగ్గు పూజారులను కదలనివ్వదు. రెండేళ్లకోసారి మాఘంలో సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, ఆషాఢంలో బోనాలు, కార్తీకంలో పాలమూరు కురుమూర్తి జాతర వస్తాయి. ఉత్తరాది కొండదారులు తెరుచుకునే వేసవి చివర సరిగ్గా వానాకాలం దుక్కులు, విత్తనాలు మొదలవుతాయి. జానపద కళాకారుల్లో ఎక్కువమంది ఏడాదిలో సగం రైతులు లేదా కూలీలు. ఇరవై రోజుల పర్యటనంటే ఇరవై రోజుల కూలి, ఒక్కోసారి పంటలో అదును. పారితోషికం బిల్లు పెట్టిన తరువాత ఖాతాలో పడే పద్ధతిలో ముందు ఖర్చు బృందం పెద్ద మీదే పడుతుంది. మిత్తికి తెచ్చి టికెట్లు కొని, సొమ్ము వచ్చేదాకా మిత్తి కట్టుకుంటే లాభం మాట దేవుడెరుగు. గుంపు మేస్త్రీకీ బృందం పెద్దకూ లెక్కల్లో తేడా పెద్దగా ఉండదన్న చేదు ఛలోక్తి ఇలాంటప్పుడే గుర్తుకొస్తుంది. రాను పోను ఖర్చులో కొంత భాగం బయలుదేరే ముందే ఇవ్వడం తప్పనిసరి చేస్తే ఈ తంటా చాలావరకు తీరుతుంది. వసతి, తిండి విషయంలో మాత్రం సైన్యం ఆతిథ్యానికి వంక పెట్టలేం. మూడో రోజుకు పచ్చిపులుసు కోసం నాలుక పీకడం కళాకారుల సొంత బలహీనత.

ఇటీవలి కాలం తెచ్చిన చిక్కు ఇంకొకటి. తెలంగాణ జానపద గాయకుల బతుకుతెరువు ఇప్పుడు చాలావరకు యూట్యూబు మీద నడుస్తోంది. ప్రతి వేదికా ఒక వీడియో, ప్రతి ప్రయాణమూ ఒక రీలు. సైనిక శిబిరం ఇందుకు ఒప్పుకోదు. 2020 జూలైలో సైన్యం తన సిబ్బంది ఫోన్లలోంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను తీసేయమని ఆదేశించింది. అలాంటి చోట అతిథి తన ఫోనులో కొండను, వాహనాన్ని, కాపలా బురుజును తీసి జనంలోకి వదలడం ఎంత మాత్రం చెల్లదు. పాడిన చోటు చెప్పుకోలేని, చూపుకోలేని ప్రదర్శన వల్ల కళాకారుడికి పేరు రాదు. ఇది నిజమైన నష్టమే, దాన్ని పారితోషికంలో లెక్కగట్టాలని అడిగే హక్కు కళాకారుడికి ఉంది. ఆ సాయంత్రం కెమెరా వైపు కాకుండా మనుషుల వైపు చూసి పాడతారన్న లాభం కూడా ఉంది గానీ, దానితో మిత్తి తీరదు.

కుటుంబాలు ఉండే శాంతి స్థావరాల్లో మహిళా కళాకారులు వెంట ఉంటే ప్రదర్శన రూపమే మారిపోతుంది. బతుకమ్మకు వేదిక, మైకు అక్కర లేదు. నాలుగు రకాల పూలు దొరికితే చాలు, అక్కడి తెలుగు ఇళ్ల ఆడవాళ్లే కాక పక్క క్వార్టర్ల పంజాబీ, బిహారీ ఇల్లాళ్లు కూడా చప్పట్లతో వలయంలోకి వచ్చేస్తారు. శిబిరం మధ్యలో అంత సులువుగా ఇమిడే కళ ఇంకొకటి తెలంగాణలో లేదు. అయినా పర్యటనలకు ఎంపికయ్యే బృందాల్లో డప్పు మగవాళ్లే ఎక్కువగా కనిపించడం ఆలోచించవలసిన సంగతి.

ప్రదర్శన ముగిసి, జ్ఞాపికగా పటాలం గుర్తున్న పలక చేతికిచ్చి, అధికారులు భోజనానికి కదిలాక ఒక అరగంట ఉంటుంది. కార్యక్రమ పత్రంలో దానికి చోటుండదు. తెలుగు జవాన్లు అప్పుడు ఒక్కొక్కరుగా వేదిక వెనక్కి వస్తారు. ‘ఏ ఊరే అన్నా మీది?’ అన్నది మొదటి ప్రశ్న. నకిరేకల్ దిక్కు అంటే ఒకరు, అచ్చంపేట దిక్కు అంటే ఇంకొకరు ముందుకు జరుగుతారు. చెరువు నిండిందా, వానలు ఎట్లున్నయి, ఫలానా హోటల్ ఇంకా ఉందా అని అడుగుతారు. ఆ తరువాత ఎవరో ఒకరు, వేదిక మీద పాడని ఒక పాట పేరు చెప్పి, ఒక్క చరణం పాడమంటారు. మైకు లేని ఆ పాటలోనే తెలుగు మాట పూర్తిగా అర్థమయ్యే శ్రోతలు బృందానికి దొరుకుతారు, రెండు వేల కిలోమీటర్లు మోసుకొచ్చిన వలస పాటకు అసలు చోటు అదే. అందుకని కార్యక్రమం అయిపోగానే సామాను మూటగట్టి బండికెక్కించే తొందరలో ఉన్నా, ఒక్క డప్పును మాత్రం సంచిలో పెట్టకుండా, బుఖారీ వెచ్చదనం తగిలేంత దూరంలో బయటే ఉంచుకోవడం మంచిది.